పికప్‌లో పాట వినపడాలి, ఎదురు బండి హారనూ వినపడాలి



ఈసారి పంట గురించి కాదు, పంటను సంతకు మోసే బండి గురించి. అందులోనూ ఇంజిన్ గురించి కాదు, బండిలో పాట గురించి. "వేరే పని లేదా ఈయనకి" అనుకోకండి. కాఫీ డబ్బులు, మిరియాల డబ్బులు చేతికొచ్చే నెలల్లో పికప్ ఉన్న ఇంట్లో ముందు మారేది ఏమిటో మీకూ తెలుసు. అరిగిన టైరు అలాగే ఉంటుంది. కొత్త టేపు, కొత్త సౌండ్ బాక్సులు మాత్రం వచ్చేస్తాయి. డబ్బు మనది, బండి మనది, సరదా మనది. కానీ ఆ బండి తిరిగేది ఘాట్ రోడ్డు మీద. అందుకే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

నా మాట ముందే చెప్పేస్తాను. పికప్‌లో కంపెనీ ఇచ్చిన సౌండ్ మార్చుకోవడం తప్పు కాదు. వీలుంటే మార్చుకోండి. అయితే అది చప్పుడు పెంచడానికి కాకూడదు, తక్కువ వాల్యూమ్‌లోనే మాట స్పష్టంగా వినపడటానికి కావాలి. పని బాగా జరిగిందో లేదో చూసుకోవడానికి ఒక్కటే గుర్తు. కొత్త సెట్ పెట్టాక మీరు వినే వాల్యూమ్ నంబరు ఇదివరకటి కంటే తగ్గిందా? అయితే డబ్బు సద్వినియోగం అయినట్టు. పెరిగిందా? అయితే మీరు కొన్నది పాట కాదు, గోల.

ముందు అసలు ఎందుకు మార్చాలో చూద్దాం. బొలెరో పికప్ అయినా, టాటా ఏస్ అయినా, దోస్త్ అయినా కంపెనీ వాడు వాటిని బరువు మోయడానికి చేశాడు, పాటలు వినడానికి కాదు. చాలా మోడళ్లలో టేపే ఉండదు, డ్యాష్‌బోర్డులో ఖాళీ గూడు మాత్రం ఉంటుంది. ఉన్నా రెండు చిన్న స్పీకర్లు, పల్చటి అట్టలాంటి కోన్. తలుపు లోపల ఒట్టి రేకు. మూడో గేరులో ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ మోత, గాలి మోత, వెనక బాడీ గడగడ అన్నీ కలిసి ఆ చిన్న స్పీకర్లను మింగేస్తాయి. మనం ఏం చేస్తాం? వాల్యూమ్ తిప్పేస్తాం. స్పీకర్ బరబరమంటుంది. పాట అర్థం కాదు, చెవి నొప్పి మాత్రం మిగులుతుంది. మార్చుకోవాలనిపించడంలో వింతేమీ లేదు. తెల్లవారుజామున కూరగాయలేసుకుని విశాఖ దిగి, మళ్లీ సాయంత్రానికి పైకొచ్చే మనిషికి బండే సగం ఇల్లు.

ఇప్పుడు ఘాట్ సంగతి. డముకు, అనంతగిరి, గాలికొండ వైపు వంపులు మీకు కొత్త కాదు. పాడేరు ఘాట్ కూడా అంతే. పొగమంచు పడితే పది గజాల అవతల ఏముందో కనపడదు. అప్పుడు ఎదురొచ్చే బండి మనకు ముందు కనపడదు, ముందు వినపడుతుంది. వంపు దగ్గర హారన్ కొట్టమని బోర్డులు పెట్టింది అందుకే. కొట్టేవాడు కొడతాడు, వినేవాడు వినాలి కదా. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయిన సంగతి మనవాళ్లెవరూ మర్చిపోలేదు. అది పాట వల్ల జరిగిందని నేను అనడం లేదు. ఆ రోడ్డు చిన్న పొరపాటును కూడా క్షమించదు అని చెప్పడానికే గుర్తు చేస్తున్నాను.

హారన్ ఒక్కటే కాదు. మన బండి మనతో మాట్లాడుతూనే ఉంటుంది. బ్రేకు లైనర్ అరిగితే కీచుమంటుంది. బేరింగ్ పోతుంటే ఊళ పెడుతుంది. వెనక తాడు వదులైతే పరదా టపటపా కొట్టుకుంటుంది. టైరులో రాయి ఇరుక్కుంటే టకటక వస్తుంది. గేరు ఎప్పుడు మార్చాలో మనలో చాలామందిమి మీటరు చూసి మార్చం, ఇంజిన్ గొంతు విని మారుస్తాం. ఇవన్నీ చెవితో నడిపే పనులు. చెవిని పాటకు పూర్తిగా అద్దెకిచ్చేస్తే బండిని ఎవరు వినాలి?

ఇంకొకటి. సరుకు బండిలో వెనక మనుషుల్ని ఎక్కించకూడదు, చట్టం ఒప్పుకోదు. ఎక్కించకపోవడమే మంచిది కూడా. కానీ సంత రోజు మన రోడ్ల మీద ఏం జరుగుతుందో దాచి లాభం లేదు. వెనక కూర్చున్న పెద్దమ్మకు దిగాలన్నా, పిల్లాడికి వాంతి వచ్చినా, మూట జారిపోతున్నా, ఎవరైనా పట్టు తప్పినా వాళ్ల దగ్గరున్నది ఒక్కటే మార్గం: క్యాబిన్ మీద అరచేత్తో తట్టడం. లోపల బేస్ దబదబమంటుంటే ఆ తట్టుడు కూడా పాటలో దరువే అనుకుంటాడు డ్రైవరు. అందుకే వూఫర్ పెట్టించేముందు ఒకసారి ఆ అరచేతిని గుర్తు తెచ్చుకోమంటున్నాను.

సరే, ఎలా మార్చుకోవాలి? ఇక్కడే మన డబ్బు పోయేది. కార్ డెకార్స్ షాపులోకి వెళ్లగానే మనకు చూపించేది వాట్లు. డబ్బా మీద 600 వాట్లు, 1200 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అవి ఒక్క క్షణం పాటు వచ్చే గరిష్ఠ లెక్కలు. వాటిని చూసి కొనడమంటే ఎరువు బస్తా మీద బొమ్మ చూసి కొన్నట్టే. మనం అడగాల్సింది ఆర్ఎంఎస్ ఎంత అని. ఆగకుండా ఇవ్వగలిగే శక్తి అదే.

మీరే లెక్క వేసుకోండి. బండి కరెంటు 12 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 14. టేపు వెనక ఉన్న ఫ్యూజు చాలావాటికి 10 ఆంపియర్లు. 14ను 10తో గుణిస్తే 140 వాట్లు. అంటే ఆ టేపు బండి నుంచి తీసుకోగలిగిందే అంత. అందులో దాదాపు సగం వేడిగా పోతుంది. మిగిలింది నాలుగు స్పీకర్లకు పంచితే ఒక్కోదానికి 15 నుంచి 20 వాట్లు. మరి డబ్బా మీద నాలుగు యాభైలు రెండువందలు అని ఎలా రాశారు? అలాగే రాస్తారు. అయినా భయం లేదు. చిన్న క్యాబిన్‌లో ఇద్దరు ముగ్గురు వినడానికి మంచి స్పీకర్ అయితే 15 వాట్లు చాలు.

చెవి లెక్క ఇంకో రకంగా ఉంటుంది. వాట్లు రెట్టింపు చేస్తే చప్పుడు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి అది కొంచెం పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి వాట్లు పది రెట్లు కావాలి. అంటే 20 వాట్ల నుంచి 40కి పోవడానికి మీరు వేలు పోసినా దక్కేది కొంచెమే. అదే డబ్బుతో సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్ కొంటే వేరే. స్పీకర్ డబ్బా మీద 90 డెసిబెల్స్, 93 డెసిబెల్స్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 93 ఉన్న స్పీకర్ అదే టేపు మీద, 90 ఉన్నదానికి రెండింతల వాట్లు ఇచ్చినంత పలుకుతుంది. షాపువాడు పెద్ద అక్షరాలు చూపిస్తాడు, మనం చిన్న అక్షరాలు చదవాలి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. పాట పెంచడం ఒక దారి, బండి మోత తగ్గించడం ఇంకో దారి. రెండో దారే మంచిది, చవక కూడా. తలుపు అట్ట విప్పితే లోపల ఒట్టి రేకు, పెద్ద పెద్ద కన్నాలు కనపడతాయి. ఆ రేకు మీద డ్యాంపింగ్ షీటు, అంటే ఒక వైపు రేకు పూత, ఇంకో వైపు జిగురున్న నల్ల రబ్బరు షీటు అంటిస్తే తలుపు డబ్బాలా మోగడం మానేస్తుంది. కన్నాలు మూసేస్తే స్పీకర్ ముందుకు తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి కలిసి కొట్టేసుకోవు, బేస్ దానంతటదే వస్తుంది. వూఫర్ కోసం పెట్టే డబ్బులో చిన్న ముక్క ఇక్కడ పెడితే సగం వూఫర్ వచ్చినట్టే. తలుపు రబ్బరు బీడింగ్ చిరిగిపోయి ఉంటే అదీ మార్చండి. గాలి ఈల తగ్గుతుంది, వానకు నీళ్లు కారడం కూడా ఆగుతుంది. తలుపు అడుగున నీళ్లు పోయే సన్న కన్నాలు మాత్రం మూయొద్దు. మూస్తే లోపల నీళ్లు నిలిచి రేకు తుప్పు పడుతుంది.

మన వాతావరణం గురించి షాపులో ఎవరూ చెప్పరు. మనది నెలల తరబడి వాన, ఆపైన మంచు, ఆపైన దుమ్ము. కాగితం కోన్ ఉన్న స్పీకర్ చెమ్మకు మెత్తబడిపోతుంది. ప్లాస్టిక్ రకం, అంటే పాలీప్రొపిలీన్ కోన్ ఉన్నది అడగండి. చుట్టూ అంచు ఫోమ్ అయితే కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరు అంచు నిలుస్తుంది. స్పీకర్ కింద పెట్టే రింగు చెక్కది వద్దు, ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్‌ది వేయించండి. ఫిట్టర్ తలుపు కోసేముందు అద్దం పూర్తిగా కిందికి దించి చూపించమనండి. లేదంటే లోతైన స్పీకర్ అద్దానికి తగిలి, ఇంటికొచ్చాక అద్దం దిగదు.

ఇప్పుడు వైరింగ్. సౌండ్ బాగా లేకపోతే చెవికే నష్టం, వైరింగ్ బాగా లేకపోతే బండికే నష్టం. టేపు నుంచి వచ్చే వైర్లకు బయట కొనే చాలా సెట్లలో ఒక పద్ధతి ఉంటుంది. పసుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు. ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. నలుపు ఎర్త్. తెలుపు జత ఎడమ ముందు స్పీకర్, బూడిద రంగు జత కుడి ముందు స్పీకర్. ఆకుపచ్చ, ఊదా జతలు వెనకవి. కంపెనీ వైర్ల రంగులు మాత్రం బండి బండికీ మారతాయి. అందుకే కంపెనీ వైరును కోయనివ్వొద్దు. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ విడిగా దొరుకుతుంది, అది కొని దానికి కలిపించండి. వారంటీ ఉన్న బండి అయితే ఇది మరీ ముఖ్యం. కోసిన వైరు కనపడితే రేపు ఏ కరెంటు సమస్య వచ్చినా మన నెత్తిమీదే వేస్తారు. బీమా విషయంలోనూ అంతే. ఖరీదైన సెట్ పెట్టించినప్పుడు పాలసీలో దాన్ని విడిగా రాయించకపోతే, పోయినప్పుడు దాని డబ్బు రాదు.

యాంప్లిఫయర్ పెట్టుకునేవాళ్లు ఒక్క మాట కచ్చితంగా వినండి. బ్యాటరీ నుంచి దానికి లాగే వైరుకు బ్యాటరీ దగ్గరే, అడుగున్నర లోపు ఫ్యూజు ఉండాలి. యాంప్ దగ్గరున్న ఫ్యూజు యాంప్‌ను కాపాడుతుంది, వైరును కాదు. దారిలో వైరు రేకుకు రాసుకుని తోలు ఊడితే బ్యాటరీలోని కరెంటంతా అక్కడే మండుతుంది. పక్కనే డీజిల్ పైపు ఉంటుంది. ఫ్యూజు పోయినచోట వెండి కాగితం చుట్టడం, తీగ ముక్క పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. అది బండికి కాపలా కుక్కను కట్టేసి దొంగను పిలవడం లాంటిది. వైరు అసలు రాగిదే కావాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు చవకగా అమ్ముతున్నారు. బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనపడితే అది రాగి కాదు. ఇంకో సంగతి, పాకలో పెట్టిన బండిలో ఎలుకలు చేసే పని మీకు చెప్పనక్కర్లేదు. కొత్త వైర్లన్నీ ముడతల ప్లాస్టిక్ పైపులో వేయించండి.

బ్యాటరీ లెక్క కూడా చూసుకోండి. సంతలో బండి నాలుగైదు గంటలు ఆగి ఉంటుంది. ఇంజిన్ ఆపి పాటలు పెడతాం. మామూలు టేపు మధ్యస్థంగా పాడుతూ గంటకు 3 ఆంపియర్లు తిన్నదనుకుంటే నాలుగు గంటలకు 12. బ్యాటరీకి పెద్ద లెక్క కాదు. పెద్ద యాంప్, వూఫర్ పెట్టి గంటకు 10 తిన్నదనుకుంటే నాలుగు గంటలకు 40. మీ బ్యాటరీ 75 ఆంపియర్ అవర్లదైతే సగం పైనే ఖాళీ. స్టార్టింగ్ బ్యాటరీని అలా పదేపదే సగానికి దించితే దాని ఆయుష్షు త్వరగా తీరుతుంది. చలికాలం అరకులో పొద్దున్నే డీజిల్ బండి స్టార్ట్ చేయాలంటే బ్యాటరీ ఎంత గట్టిగా ఉండాలో మీకే తెలుసు. అల్లం, టమాటా ఎక్కించుకుని నెట్టుడు స్టార్ట్ కోసం మనుషుల్ని వెతుక్కునే పని ఎవరికి కావాలి?

మరి డబ్బు ఎలా పంచుకోవాలి? నా దృష్టిలో పదివేలు ఉన్నాయనుకోండి, నాలుగు వేలు ఒక మంచి జత తలుపు స్పీకర్లకు, మూడు వేలు నిదానంగా పనిచేసే సాదా టేపుకు, మిగిలిన మూడు వేలు తలుపు షీటు, కప్లర్, వైరు, ఫ్యూజు, ఫిట్టర్ కూలికి. అంకెలు షాపును బట్టి మారతాయి, వరుస మాత్రం ఇదే. పెద్ద తెర ఉన్న టేపు వద్దంటాను. ఘాట్ మీద మన కళ్లకు తెర అక్కర్లేదు, అద్దం చాలు. బ్లూటూత్, పెన్ డ్రైవ్, గుండ్రంగా తిప్పే వాల్యూమ్ గుండీ ఉంటే చాలు. చూడకుండా చేత్తో తడిమి తగ్గించగలగాలి. మొదట స్పీకర్లు, షీటు వేయించి నెల రోజులు వినండి. ఆ తర్వాత కూడా చాలదనిపిస్తేనే యాంప్ సంగతి ఆలోచించండి. చాలామందికి ఆ అవసరమే రాదు.

ఒక షరతు. టైర్లు, బ్రేకులు, వైపర్, హారన్, పొగమంచు లైటు, ఈ ఐదూ సరిగా ఉన్నాకే పాట. అరిగిన టైరు మీద కొత్త సౌండ్ సిస్టం అంటే పునాది లేని ఇంటికి రంగులేసినట్టే. బండి కిస్తీలు ఇంకా కడుతున్నవాళ్లు సౌండ్ సిస్టం కోసం మళ్లీ ఇంకో కిస్తీ పెట్టుకోవద్దు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమన్నారు పెద్దలు.

ఏం వినాలి అన్నది కూడా సౌండ్‌లో భాగమే. ఎఫ్ఎం తరంగం దాదాపు సూటిగా పోతుంది, కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. అందుకే విశాఖ స్టేషన్లు కింద బాగా వచ్చి, ఘాట్ ఎక్కుతుంటే గరగరలాడతాయి. అది టేపు తప్పు కాదు, ఎంత ఖరీదైన టేపు కొన్నా కొండ పక్కకు జరగదు. ఫోన్ సిగ్నలూ వంపు వంపుకీ పోతుంది. కాబట్టి పెన్ డ్రైవే మనకు దిక్కు. పాటల ఫైళ్లు మంచివి వేసుకోండి. 64 కేబీపీఎస్ ఫైలు పదివేల స్పీకర్‌లో కూడా రేకు డబ్బాలాగే పలుకుతుంది. 192 గానీ 320 గానీ ఉన్నవి వేసుకుంటే తేడా మీకే తెలుస్తుంది. పాటల వరుస బండి కదలకముందే సర్దుకోండి. నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకుంటే 2019 సవరణ తర్వాత అది ప్రమాదకర డ్రైవింగ్ కిందే లెక్క. జరిమానా సంగతి అటుంచండి, ఘాట్‌లో రెండు సెకన్లు కిందికి చూస్తే చాలు.

ఇక్కడ నా మనసులో మాట ఒకటుంది. మన థింసా పాటలు, మన ఊళ్లలో పెద్దవాళ్లు పాడే కువి పాటలు, ఆదివాసీ ఒడియా పాటలు చాలామటుకు క్యాసెట్లుగా రాలేదు. ఎవరి ఫోన్లోనో రికార్డు చేసినవే ఉన్నాయి. వాటిలో ఉన్నది ముఖ్యంగా మనిషి గొంతు, మోరి, తుడుము, డప్పు. మనిషి మాట అర్థమయ్యేది మధ్య స్వరాల్లో. వూఫర్ దబదబలో ముందు మునిగిపోయేది ఆ మాటలే. మంచి తలుపు స్పీకర్లలో, తక్కువ వాల్యూమ్‌లో ఆ పాట పెట్టి చూడండి, అమ్మమ్మ ఊపిరి తీసుకున్న చోటు కూడా వినపడుతుంది. స్పష్టమైన సౌండ్ ఎందుకయ్యా అంటే నేను చెప్పే జవాబు ఇదే. పిల్లలు బండిలో పక్కన కూర్చున్నప్పుడు సినిమా పాటలతో పాటు అవీ వినాలి, మాట మాట అర్థం కావాలి. ఈసారి పండక్కి పెద్దవాళ్లు పాడుతుంటే ఫోన్ దగ్గరగా, గాలికి అడ్డంగా పెట్టి రికార్డు చేసుకోండి. అంతకంటే మంచి అప్‌గ్రేడ్ ఏ షాపులోనూ దొరకదు.

ఇక బయటికి పెట్టే బాక్సుల సంగతి. క్యాబిన్ నెత్తిన, వెనక బాడీలో పెద్ద బాక్సులు కట్టి ఊరంతా వినిపించుకుంటూ పోవడం ఈమధ్య ఎక్కువైంది. పెళ్లికి డీజే బండి పిలుచుకోవడం వేరు, రోజూ సరుకు మోసే బండిని డీజే చేయడం వేరు. గట్టిగా బ్రేకు కొడితే సరిగా బిగించని బాక్సు ముందుకొచ్చి మన మెడ మీదే పడుతుంది. చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు నిషేధం. బండి శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద మొదటిసారికే పదివేల దాకా జరిమానా వేయొచ్చు. కాఫీ పళ్లు ఏరితే ఎన్ని రోజుల కూలి అది?

చట్టం పక్కన పెట్టండి, న్యాయం చూడండి. సీజన్‌లో పర్యాటకులు కార్ల తలుపులు తెరిచి, మన పొలాల పక్కన హోరుమని పాటలు పెడితే మనమే విసుక్కుంటాం. "కొండకొచ్చింది ఇందుకా" అంటాం. పశువులు బెదురుతున్నాయని, చదువుకునే పిల్లలున్నారని చెబుతాం. అదే పని మన పికప్ మన ఊళ్లో తెల్లవారుజామున నాలుగింటికి చేస్తే ఏమనాలి? వాళ్లు రెండు రోజులుండి పోతారు, మనం రోజూ ఉంటాం.

కొందరు అంటారు, "పాట గట్టిగా లేకపోతే రాత్రి నిద్ర వచ్చేస్తుంది" అని. ఆ బాధ నాకు తెలుసు, అర్ధరాత్రి లోడు వేసుకుని బయల్దేరే బతుకులు మనవి. కానీ చప్పుడు నిద్రను పోగొట్టదు, కాసేపు కప్పిపెడుతుంది. కప్పిపెట్టిన నిద్ర వంపు దగ్గర లేస్తుంది. కళ్లు బరువెక్కితే బండిని వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి, లైట్లు వేసి, పావుగంట కునుకు తీయండి, టీ తాగండి. మార్కెట్లో పావుగంట ఆలస్యానికి పోయే ధర కంటే మనిషి విలువ పెద్దది.

ఇంకొందరు, "కుర్రాళ్లు ఊరుకోరన్నా, పక్క బండికి బేస్ ఉంది మనకు లేదంటారు" అంటారు. తమ్ముళ్లూ, మీకే చెబుతున్నా. చెవి కూడా టైరులాంటిదే, అరిగితే మళ్లీ గ్రిప్పు రాదు. టైరు మార్చుకోవచ్చు, చెవి మార్చుకోలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90 అయితే వారానికి 4 గంటలే. పదే పెరిగింది, సమయం పదో వంతుకు పడిపోయింది. మీరు రోజుకు నాలుగు గంటలు స్టీరింగ్ మీద ఉంటారు. లెక్క మీరే చూసుకోండి. బండి దిగాక చెవిలో కుయ్ మంటుంటే అది పాట మిగిల్చిన తీపి కాదు, చెవి పెట్టే కేక.

కొత్త సెట్ వేయించుకున్న రోజు షాపు ముందే డబ్బులిచ్చి వచ్చేయకండి. ఇంజిన్ స్టార్ట్ చేయించి, రేస్ ఇచ్చి చూడండి. ఇంజిన్ వేగంతో పాటు స్పీకర్లో కుయ్ మనే సన్నటి మోత పెరుగుతుంటే ఎర్త్ సరిగా పడలేదన్నమాట, అక్కడే సరిచేయించండి. తర్వాత మీరు మామూలుగా వినే వాల్యూమ్ పెట్టి, అద్దాలు ఎత్తి, బండిలో కూర్చోండి. ఒక మనిషిని వెనక బాడీ దగ్గర నిలబెట్టి క్యాబిన్ మీద అరచేత్తో తట్టమనండి. ఇంకో మనిషిని వంద అడుగుల దూరంలో బైక్ హారన్ కొట్టమనండి. రెండూ వినపడితే అదే మీ గీత. ఆ నంబరు గుర్తుపెట్టుకోండి. ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ గీత దాటొద్దు. పొగమంచు ఉంటే పాట పూర్తిగా ఆపి, అద్దం నాలుగు వేళ్లు దించి, చెవి రోడ్డుకు ఇవ్వండి. ఇంట్లో ఇంకెవరైనా ఆ బండి నడిపితే వాళ్లకూ ఈ నంబరు చెప్పండి.